బోర్లా వచ్చిన చొక్కా

ఆదివారం పొద్దున పదింటికి ఆటల పార్కు గేటు తెరుస్తారు. అప్పటికే బయట బారు వీధి మలుపు దాటిపోయి ఉంటుంది. భుజాల మీద పిల్లల్నెక్కించుకున్న తండ్రులు, నీళ్ళ సీసాలూ టోపీలూ ఏడుపులూ అన్నీ తామే మోస్తున్న తల్లులు, ఎండకి విసుక్కునే పెద్దవాళ్ళు. మనమందరం ఎప్పుడో ఒకప్పుడు అలాంటి బారులో నిలబడ్డవాళ్ళమే. కానీ గేటు పక్కనే ఒక చిన్న గది ఉంటుందనీ, అందులో ఒకావిడ కూర్చుని పొద్దస్తమానం టాకాలు వేస్తూ ఉంటుందనీ మనలో ఎందరం గమనించాం? గమనించకపోవడం మన తప్పు కూడా కాదు. ఆ గదిని కట్టిందే ఎవరి కంటా పడకుండా ఉండటానికి.

గేటు మీద బోర్డుంది. ‘ఇది కుటుంబాలు వచ్చే చోటు. ఇబ్బంది కలిగించే రాతలున్న బట్టలతో లోపలికి రాకూడదు.’ ఈ కాలంలో చొక్కాల మీద రాతలకి అంతూ పొంతూ లేదు కదా. ఒకడు తన పార్టీకి జిందాబాద్ రాయించుకుంటాడు, ఇంకొకడు ఎదుటి పార్టీవాళ్ళ అమ్మానాన్నల్ని తలుచుకుంటాడు. మరొకడు పచ్చిబూతు గుండెల మీద వేసుకుని, అదేదో పెద్ద బిరుదైనట్టు తిరుగుతాడు. అలాంటివాళ్ళని వెనక్కి పొమ్మంటే గొడవ. పిల్లలు ఏడుస్తారు, భార్యలు మొహం మాడ్చుకుంటారు. అందుకని పార్కు మేనేజరు గారు ఒక ఉపాయం కనిపెట్టాడు. చొక్కా విప్పి ఇస్తే, రాత మీద ఒక సాదా గుడ్డముక్క పెట్టి టాకా వేసి ఇస్తారు. లోపల హాయిగా తిరగొచ్చు. పోయేటప్పుడు టాకా విప్పేస్తారు. చొక్కాకీ చిల్లు పడదు, ఎవరి మనసుకీ చిల్లు పడదు అనేవాడు ఆయన.

టాకాలు వేసే ఆవిడకి అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది కానీ, పార్కులో అందరికీ ఆవిడ టాకాలమ్మే. యాభై ఆరేళ్ళు, సన్నటి మనిషి, ఎడమచేతి వాటం. అందుకే ఆవిడ కుట్టు అందరి కుట్టులా ఉండదు, ఎడమ పక్కకి కాస్త వాలి ఉంటుంది. గదికి మధ్యలో చెక్క అడ్డు ఉంది. అవతల బట్టలు మార్చుకునే చోటు, ఇవతల ఆవిడ బల్ల. మధ్యలో అటూ ఇటూ జరిగే సొరుగు ఒకటి. అవతల పరదా వెనక మనిషి చొక్కా విప్పి ఇస్తే, గేటాయన దాన్ని తిరగేసి, రాత ఉన్నంత మేరా లోపలి వైపు సుద్దతో గీత గీసి, బోర్లా పెట్టి సొరుగు తోస్తాడు. ఆవిడ బల్ల మీద సాదా గుడ్డ పరిచి, దాని మీద చొక్కా బోర్లా వేసి, గీత వెంబడి చకచకా టాకా వేసుకుపోతుంది. కప్పేది ఏమిటో ఆవిడకి తెలియదు. తొడుక్కునే మనిషి మొహమూ తెలియదు.

ఈ బోర్లా పద్ధతి ఆవిడ అడిగి పెట్టించుకున్నదే. మొదట్లో అన్నీ చూసి కుట్టేది. ఒకసారి ఆడవాళ్ళ గురించి ఒకడు రాయించుకున్న మాట చదివి రెండు రోజులు అన్నం తినలేకపోయింది. ఇంకోసారి, నత్తిగా మాట్లాడేవాళ్ళని వెక్కిరించే రాత. ఆ చొక్కా తొడుక్కున్నవాడి వెనకాలే బారులో, నత్తిగా మాట్లాడే పాప ఒకతి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని నిలబడి, ఆ అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది. ఆ రోజు టాకాలమ్మ ముక్క పెద్దదే వేసింది, టాకా కాకుండా గట్టి కుట్టే వేసింది, ఇంటికెళ్ళి విప్పుకోవడానికి వాడికి చచ్చినంత పనయ్యేట్టు. అలాంటివి కప్పాల్సిందే. అందులో ఆవిడకి రెండో మాట లేదు, ఈ కథ చెప్పేవాళ్ళకీ లేదు. కానీ రోజూ ఆ చెత్త చదవలేక, “నాకు చూపించొద్దు తమ్ముడూ, తిరగేసి పంపు, గీత ఉంటే చాలు,” అని గేటాయనతో చెప్పింది. అప్పట్నించీ గీతే ఆవిడ ప్రపంచం. చొక్కాలే కాదు, పార్కులో చిరిగినవన్నీ ఆ సొరుగులోకే వచ్చేవి. కుర్చీ గలీబులు, గొడుగులు, ఏవేవో పట్టీలు. ఏది వచ్చినా అడిగేది కాదు, గీత వెంబడి కుట్టి తోసేసేది.

ఆవిడ కొడుకు కూడా ఆ పార్కులోనే పనిచేసేవాడు. పెద్ద చక్రం దగ్గర మెకానిక్కు. గేటు తెరవకముందే చక్రం పైదాకా ఎక్కి, ఇనప కీళ్ళన్నిటికీ గ్రీజు పెట్టి దిగాలి. రెండేళ్ళ కిందట ఒక పొద్దున పైనుంచి పడిపోయాడు. ఆ రోజు కూడా పదింటికి గేటు మామూలుగానే తెరిచారు.

వారం తిరక్కుండా మేనేజరు గారు ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. ‘నడుముకి కట్టుకోవాల్సిన ఏడో నంబరు బెల్టు స్టోరులో సక్రమంగా ఉండగా, పనివాడు దాన్ని కట్టుకోకుండా పైకెక్కాడు. తప్పు పనివాడిదే’ అని అందులో ఉంది. టాకాలమ్మ అది చదవలేదు. చదువు రాక కాదు, ఆ పూట చదివే ఓపిక లేక. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టింది. చదివింది కోడలు.

“అత్తయ్యా, ఇదేంటి? బెల్టు తెగిపోయిందని మూడుసార్లు చెప్పారాయన. నా ఎదురుగానే ఫోన్లో చెప్పారు. తప్పు ఆయనదే అని రాస్తే మీరెలా సంతకం పెట్టారు?”

“పెట్టకపోతే వాడు లేచొస్తాడా?” అంది టాకాలమ్మ.

ఆ మాట విని కోడలు నాలుగేళ్ళ పాపని ఎత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. తన భర్త నిర్లక్ష్యం వల్ల పోయాడన్న ఆ ఒక్క వాక్యం కాగితం మీంచి పోవాలి, ఆ అమ్మాయికి కావాల్సింది అంతే. ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగినా, మీ అత్తగారే సంతకం పెట్టిందిగా అని పంపేశారు. అత్తాకోడళ్ళ మధ్య రెండేళ్ళుగా మాటల్లేవు.

పదో రోజున టాకాలమ్మ పనిలోకి తిరిగొచ్చింది. సొరుగులోకి మొదట వచ్చింది ఒక మందపాటి పట్టీ. ఏ బండి సీటుదో అనుకుంది. మామూలు సూది దిగక లావు సూది తీసి, గీత వెంబడి గట్టి ముక్క వేసి పంపేసింది. ఆ తరవాత చొక్కాలు, మళ్ళీ చొక్కాలు. ఎవరైనా పలకరిస్తే “బాగానే ఉన్నాను” అనేది. నిజంగానే బాగున్నాననుకునేది. ఇంటికెళ్ళి తినేది, పడుకునేది, పొద్దున్నే లేచేది. కొడుకు గది తలుపు తీసే పని పడేది కాదు, తీసేది కాదు. వేళ్ళ కొసలు కూడా మొద్దుబారిపోయాయి. సూది గుచ్చుకున్న సంగతి గుడ్డ మీద ఎర్రచుక్క కనబడితేగానీ తెలిసేది కాదు. ఇదీ ఒకందుకు మంచిదేలే అనుకునేది.

ఇలా ఉండగా, ఒక ఆదివారం సొరుగులోకి ఒక నీలం చొక్కా వచ్చింది. మందపాటి గుడ్డ, పనివాళ్ళు తొడుక్కునే రకం. సుద్దగీత ఛాతీ అంతా పరుచుకుని ఉంది. అవతలి వైపు ఇంట్లో రంగుతో రాసినట్టున్నారు, ఆ రంగు ఎండి గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది. సూది దిగడానికి మొరాయించింది. కుట్టి పంపింది. సాయంత్రం విప్పి పంపింది. పై ఆదివారం మళ్ళీ అదే చొక్కా, తన పాత టాకాల చిల్లులతో సహా. ఆ పై ఆదివారమూ అంతే.

“ఏం తమ్ముడూ, ఈ మొండిఘటానికి ఇంకో చొక్కా లేదా?” అని అడ్డు అవతలికి వినపడేలా అడిగింది.

గేటాయన దగ్గాడు. “పోనీలే అక్కా, కుట్టి పంపించు.”

నాలుగో ఆదివారం సూది దిగగానే చొక్కా పర్రుమని చిరిగింది. మూడు వారాలుగా అదే గీత మీద కుట్టి విప్పి, కుట్టి విప్పి గుడ్డ బలం పోయింది. చిరుగు చంక వైపు పాకింది. పరాయివాళ్ళ చొక్కా తన చేతిలో చిరగడం ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు. ఎంతవరకు పోయిందో చూద్దామని టాకాలమ్మ చొక్కా పక్కకుట్టు లాగి బల్ల మీద బాగా పరిచింది. లోపలి వైపు, చంక కింద, పలకలా కోసి అతికిన ముక్క ఒకటి కనబడింది. పసుపుపచ్చ పూల గుడ్డ. చుట్టూ వేసిన కుట్టు ఎడమ పక్కకి వాలి ఉంది.

ఆ పూలు తన వంటింటి కిటికీ పరదావి.

కొడుకు రోజంతా చేతులు పైకెత్తి పనిచేసేవాడు. ఏ చొక్కా అయినా ముందు చంకలోనే పిగిలిపోయేది. విసుగెత్తి ఒకరోజు పాత పరదా ముక్క కోసి, చెయ్యి ఎంత ఎత్తినా పట్టేయకుండా అక్కడ అతికింది. తొడుక్కుని చూసుకుని వాడు నవ్వాడు. “ఇదేంటమ్మా, చంకలో పూలతోట వేశావు?”

“ఎవరికి కనపడుద్దిరా? నోరుమూసుకుని తొడుక్కో.”

“చెయ్యెత్తితే కనపడదూ? పైనున్న పిట్టలన్నీ నన్ను చూసి నవ్వుతాయి.”

టాకాలమ్మ ఆ ముక్క మీద చెయ్యి పెట్టింది. తరవాత చొక్కాని తిప్పి వెల్లకిలా వేసింది. ఎన్నో ఏళ్ళ తరవాత ఆ బల్ల మీద ఆవిడ చదివిన మొదటి రాత అది.

‘బెల్టు తెగిందని మూడుసార్లు చెప్పాడు. ఎవరూ వినలేదు. చచ్చాక తప్పు నీదే అన్నారు.’

తెల్లరంగుతో రాసిన అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. చివరి వరసకి చోటు చాలక ఇరుకిరుగ్గా రాసి ఉంది. ఏడుపు రావాలి కదా అనుకుంది టాకాలమ్మ. రాలేదు. మూడు వారాలు, వారానికి రెండుసార్లు, ఈ చొక్కా తన చేతుల్లోకి వచ్చింది. కొడుకు మాట మీద తనే గుడ్డ కప్పి, కుట్టు వంకర పోకుండా చూసుకుని మరీ పంపింది. ఆ లెక్క మాత్రం బుర్రలో మళ్ళీ మళ్ళీ తిరిగింది.

లేచి తలుపు తీసుకుని అడ్డు అవతలికి వెళ్ళింది. గేటాయన సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఈ చొక్కా ఎవరిదో నీకు తెలుసు,” అంది.

“తెలుసక్కా.”

“మొదటి వారం నుంచీ తెలుసా?”

“తెలుసు. ఏం చెప్పమంటావు? చెబితే నువ్వు ఏడుస్తావు, ఆ పిల్ల ఏడుస్తుంది, ఉన్న ఉద్యోగం కాస్తా ఊడుతుంది. అయినా చూపించొద్దన్నది నువ్వేగా?”

అదీ నిజమే. టాకాలమ్మ పరదా పక్కకి జరిపింది. పార్కువాళ్ళిచ్చే తెల్లకోటు కప్పుకుని, స్టూలు మీద కోడలు కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది. అత్తగారి చేతిలో చొక్కా వెల్లకిలా ఉండటం చూసి లేచి నిలబడింది.

“ఇవాళ చదివారా?”

“ఇవాళే చదివానమ్మా.”

“మూడు వారాలుగా మీ చేతికే ఇస్తున్నాను.”

“బోర్లా పెట్టి ఇస్తారు. నేను చూడను. నాకు గీత ఒక్కటే కనపడుద్ది.”

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. “నాకు తెలీదు అత్తయ్యా. చదివే కుడుతున్నారనుకున్నా. కన్నకొడుకు మాట చదివి కూడా, ఒక్క కుట్టు తప్పకుండా కుట్టి పంపిస్తున్నారే, ఈవిడకి ఎంత గుండె కావాలి అనుకున్నా.”

“పాపేది?”

“మా అమ్మ దగ్గరుంది. దాన్నిక్కడికి తీసుకురాను.”

“కప్పకుండా ఎలాగూ లోపలికి పోనివ్వరు కదా. మరి ఎందుకొస్తున్నావు?”

“వెళ్ళి చక్రం ఎదురుగా బెంచీ మీద గంటసేపు కూర్చుంటాను. ఇంత పెద్ద ముక్క గుండెల మీద వేసుకుని కూర్చుంటే, దీని కింద ఏముందమ్మా అని ఒక్కళ్ళైనా అడక్కపోతారా అనుకున్నా. ఎవరూ అడగలేదు. కనీసం మీరైనా అడుగుతారనుకున్నా.” ఆ అమ్మాయి గొంతులో కోపం కూడా లేదు. అలసట ఒక్కటే ఉంది.

బారు ఆగిపోయిందని ఎవరో చెప్పినట్టున్నారు, మేనేజరు గారు వచ్చాడు. నెమ్మదస్తుడు, గొంతు పెంచే మనిషి కాదు. చొక్కా చూశాడు, ఇద్దర్నీ చూశాడు, పరదా వేసి లోపలికొచ్చాడు.

“చూడండమ్మా, మీ బాధ నాకు తెలియంది కాదు. కానీ ఇక్కడికి వచ్చేవాళ్ళు ఎందుకొస్తారు? వారమంతా పడ్డ బాధలు ఒక్కపూట మర్చిపోవడానికి. పసిపిల్లల చేత చావు గురించి చదివించడం న్యాయమా? ఇవాళ దీన్ని వదిలితే, రేపు బూతు రాసుకున్నవాడు కూడా నాకూ హక్కుంది అంటాడు. వాడికి నేనేం చెప్పాలి?”

ఆ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. అలాంటి చోట్లకి పిల్లల్ని తీసుకెళ్ళే మనం కూడా అదే అడుగుతాం. టాకాలమ్మ చొక్కా అంచు సవరిస్తూ నిలబడింది.

“బూతు అయితే చూడగానే బూతని తెలుస్తుంది కదండీ,” అంది చివరికి. “ఇది చదివారా మీరు?”

“చదివాను.”

“అబద్ధమా?”

“కాగితం ప్రకారం అబద్ధమేనమ్మా. విచారణ జరిగింది. మీరే సంతకం పెట్టారు.”

“కాగితం నేను చదవలేదు. బెల్టు సంగతి ఏం రాశారు అందులో?”

కోడలు కళ్ళు మూసుకుని అప్పజెప్పింది. “ఏడో నంబరు బెల్టు. స్టోరులో సక్రమంగా ఉంది.”

“ఉందమ్మా, ఇప్పటికీ అదే వాడుతున్నారు,” అన్నాడు మేనేజరు, కాస్త ధైర్యం తెచ్చుకుని. “తెగిన బెల్టయితే రెండేళ్ళ నుంచి ఇంకో మనిషి దాంతో ఎలా ఎక్కుతాడు? కావాలంటే వెళ్ళి మీ కళ్ళతో మీరే చూసుకోండి.”

ఆయన నమ్మే ఆ మాట అన్నాడు. ఆయన్ని తప్పుపట్టాలంటే, నమ్మినందుకు కాదు, చూడకుండా నమ్మినందుకు.

కోడలు చిరిగిన చొక్కానే తొడుక్కుంది. గేటాయన సుద్దముక్క జేబులో వేసుకుని దారి వదిలాడు. ముక్క కప్పని చొక్కాతో ఆ అమ్మాయి లోపలికి అడుగుపెట్టడం అదే మొదటిసారి. పక్కన టాకాలమ్మ, వెనక మేనేజరు. రంగుల గుర్రాలు దాటి, ఐసుక్రీము బండి దాటి ముగ్గురూ చక్రం దగ్గరికి వెళ్ళారు. రెండేళ్ళలో టాకాలమ్మ అటు వైపు రాలేదు. తల ఎత్తి చక్రం పైకి చూడాలనిపించలేదు, చూడలేదు.

ఇప్పటి మెకానిక్కు బట్టతల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. పొద్దుటి పని ముగించి, చక్రం నీడలో స్టూలేసుకుని చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటున్నాడు. బెల్టు ఇంకా నడుముకే ఉంది.

“తమ్ముడూ, ఆ బెల్టు ఒకసారి ఇస్తావా?”

అతను మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తల ఊపాడు. బెల్టు విప్పి ఇచ్చాడు. కొక్కెం పక్కన ఇనప బిళ్ళ మీద ఏడు అంకె ఉంది. టాకాలమ్మ బెల్టుని చేతుల మధ్య లాగి పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా జరుపుకుంటూ పోయింది. మధ్యలో ఒకచోట రెండు వైపులా కప్పేలా మందపాటి ముక్క చుట్టి వేసి ఉంది. మొద్దుబారిన వేళ్ళకి కూడా ఆ కుట్టు తెలిసింది. నాలుగు వరసలూ ఎడమ పక్కకి వాలి ఉన్నాయి.

“ఇది నేను వేసిన ముక్క,” అంది.



“వాడు పోయిన పదో రోజున పనిలోకొచ్చాను. సొరుగులోకి మొదట వచ్చింది ఇదే. గీత గీసి ఉంది. ఏ బండి పట్టీయో అనుకుని కుట్టాను.” నడుముకి వేలాడే చిన్న కత్తెర తీసింది.

“ఆగండమ్మా, అది పార్కు సామాను,” అన్నాడు మేనేజరు. ఆ మాటలో బలం లేదు.

టాకాలు విప్పడం ఆవిడకి రోజూ ఉన్న పనే. నాలుగు వరసలూ తెగడానికి నిమిషం పట్టలేదు. ముక్క ఊడి కింద పడింది. దాని కింద బెల్టు అడ్డంగా తెగిపోయి ఉంది. ఒక వైపు అంచున బొటనవేలంత మేర మాత్రం నిలిచి ఉంది. తెగిన పోగుల్లో పాత గ్రీజు నల్లగా గడ్డకట్టి ఉంది.

బట్టతల మెకానిక్కు దాన్ని చూశాడు. ఖాళీగా ఉన్న తన నడుము తడుముకున్నాడు. “ఇవాళ పొద్దున కూడా దీంతోనే ఎక్కానండీ,” అన్నాడు మేనేజరుతో. “ఇలాంటిది కట్టుకుంటే ఎంత, కట్టుకోకపోతే ఎంత?”

చక్రం ఎక్కడానికి నిలబడ్డవాళ్ళు అప్పటికే ఇటు చూస్తున్నారు. కొందరు చొక్కా మీది రాత చదువుతున్నారు. ఏ తల్లీ పిల్లల కళ్ళు మూయలేదు. పాపని ఎత్తుకున్న ఒకావిడ బారులోంచి ముందుకొచ్చి, చొక్కా మీది రాత చూపించి, కాస్త సంకోచంగా అడిగింది. “ఎవరండీ ఈయన?”

కోడలు నోరు తెరవబోయింది. టాకాలమ్మే ముందు చెప్పింది.

“మా అబ్బాయి.”

రెండేళ్ళలో ఆ పార్కులో ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. చెప్పి, పక్కనున్న కోడలి భుజం పట్టుకుంది. కోడలు ఆ చేతి మీద చెయ్యి వేసింది.

“నాకు తెలీదమ్మా,” అన్నాడు మేనేజరు గారు. “స్టోరువాళ్ళు బాగానే ఉందన్నారు. నేను చూడలేదు.”

“నేను మాత్రం చూశానా?” అంది టాకాలమ్మ. “నా చేతిలో పెట్టినా చూడలేదు. మిమ్మల్ని ఏమనడానికి నాకు నోరెక్కడిది? బూతుకీ అదే ముక్క వేశాను, నా బిడ్డ గోడుకీ అదే ముక్క వేశాను, తెగిన బెల్టుకీ అదే ముక్క వేశాను. అన్నీ సుద్దగీత లోపలే ఉన్నాయి కదా, ఇక నాకెందుకులే అనుకున్నాను. పిల్లలు చూడకూడనివి ఉంటాయి, కాదనను. కానీ మనం చూడకుండా ఉండటానికి పిల్లల్ని అడ్డం పెట్టుకుంటే ఎలాగండీ? ఆ పిల్లలు ఎక్కే చక్రమే ఇది.”

మేనేజరు ఆ తెగిన పట్టీ వంక చూశాడు. తరవాత చెయ్యెత్తి చక్రం ఆపమని సైగ చేశాడు. పిల్లలు కొందరు గోల పెట్టారు. పెద్దవాళ్ళెవరూ గోల పెట్టలేదు.

కొత్త బెల్టులు రెండు రోజుల్లో వచ్చాయి. కాగితం మారడానికి మాత్రం ఏడు నెలలు పట్టింది. బట్టతల మెకానిక్కు సాక్ష్యం చెప్పాడు, గేటాయన చెప్పాడు, వెనకాడుతూనే మేనేజరు గారూ చెప్పాడు. కొత్త కాగితం ఇంటికొచ్చిన రోజు కోడలు కూడా వచ్చింది, పాపని తీసుకుని. టాకాలమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి వరస కింద వేలు పెట్టుకుంటూ మొదటినుంచీ చివరిదాకా చదివింది. ‘తప్పు పనివాడిది కాదు’ అన్న చోట వేలు ఆగింది. అక్కడ రెండుసార్లు చదివింది. అప్పుడు సంతకం పెట్టింది. ఏడుపు ఆ రోజూ రాలేదు. కానీ ఆ సాయంత్రం కొడుకు గది తలుపు తీసి, పాపని అందులో పడుకోబెట్టింది.

పార్కులో ముక్కలు వేసే పద్ధతి ఇప్పటికీ ఉంది. టాకాలమ్మ ఇప్పటికీ ఆ గదిలోనే కూర్చుంటుంది. చొక్కాలు మాత్రం ఇప్పుడు వెల్లకిలా వస్తాయి. సుద్దగీత ఉండదు. ఆవిడ చదువుతుంది. ఇంకొకర్ని కించపరిచే రాత అయితే మునుపటికంటే పెద్ద ముక్కే వేస్తుంది. ఎవరిదైనా గోడు అయితే, పరదా జరిపి వెళ్ళి, ఏం జరిగిందని అడుగుతుంది. కొన్ని చొక్కాలు ముక్క లేకుండానే లోపలికి వెళుతున్నాయి. అందువల్ల పార్కుకి జనం తగ్గిందేమీ లేదు.

ఒకరోజు ఏదో బూతు చొక్కా చదివి ఆవిడ మొహం చిట్లించుకోవడం చూసి గేటాయన అన్నాడు. “ఎందుకక్కా ఇవన్నీ చదివి మనసు పాడుచేసుకోవడం? మునుపటిలా తిరగేసి పంపించనా?”

“వద్దు తమ్ముడూ, పాడైతే పాడవనీ,” అంది టాకాలమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. “కప్పాల్సినవి కప్పుదాం. కానీ ఏం కప్పుతున్నామో చదవకుండా కప్పే హక్కు నీకూ లేదు, నాకూ లేదు, ఎవరికీ లేదు.”